డిగ్రీ మధ్యలో మానేయాలా? ముందు మెమోలన్నీ బల్ల మీద పెట్టు

అమ్మా,

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. విశాఖలో బీఎస్సీ ఆనర్స్ కెమిస్ట్రీ, నాలుగో సెమ్ నడుస్తోంది. మూడు సబ్జెక్టులు పాసవక మిగిలిపోయాయి, అంటే మూడు బ్యాక్‌లాగ్‌లు. మైనర్‌గా (కెమిస్ట్రీకి తోడు రెండో సబ్జెక్టుగా) తీసుకున్న మ్యాథ్స్ అంటే భయం పట్టుకుంది. రోజూ కొత్తవలస నుంచి వచ్చి వెళ్తున్నావు. మీ నాన్నగారు "చదివింది చాలు, పరవాడలో ఏదో ఒక ఫార్మా కంపెనీలో చూద్దాం" అంటున్నారు. మీ మావయ్య "అది మానేసి మళ్ళీ ఎంసెట్ రాయి, బీటెక్‌లో చేరు" అంటున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదన్నావు. చివర్లో "మేడమ్, మానేయాలా, కొనసాగించాలా?" అని అడిగావు.

నేను ఈ ఊళ్ళో ఇరవై నాలుగేళ్ళుగా డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. ఏటా పాతిక ముప్పై మందికి మెంటర్‌గా ఉంటాను. ఇలాంటి ప్రశ్నతో నా దగ్గరికి వచ్చినవాళ్ళు చాలామంది. నా మాట సూటిగా చెబుతాను: ఈ సెమ్ మధ్యలో మాత్రం మానేయకు. డిగ్రీ అందరికీ కావాల్సిందేనని కాదు నా ఉద్దేశం. నిర్ణయం తీసుకోవడానికి కావలసిన వివరం ఇంకా నీ చేతిలో లేదు. నువ్వు ఇంత రాశావు కదా, అందులో పోయిన మూడు సబ్జెక్టుల పేర్లు లేవు. ఏ సెమ్‌లో పోయాయో లేదు. ఎన్ని మార్కుల తేడాతో పోయాయో లేదు. "నాకు చదువు రావడం లేదు" అన్న ఒక్క మాట మాత్రం మూడుసార్లు ఉంది.

కొన్నేళ్ళ కిందట ఒక అబ్బాయి వచ్చాడు. విజయనగరం అవతలి పల్లె. అతనికీ మూడు బ్యాక్‌లాగ్‌లు. "నాకు లెక్కల బుర్ర లేదు మేడమ్, బీఏలోకి మారిపోతాను" అని అప్లికేషన్ రాసుకుని వచ్చాడు, నా సంతకం కోసం. మెమోలు తెచ్చావా అంటే ఒక ప్లాస్టిక్ కవరులో మడతలు పెట్టిన కాగితాలు బయటికి తీశాడు. వాటిని బల్ల మీద పరిచి, పక్కన ఆ ఏడాది టైమ్ టేబుల్ పెట్టాను. పోయిన సబ్జెక్టుల కింద పెన్సిల్‌తో గీత గీసి, టైమ్ టేబుల్లో అవి ఎక్కడెక్కడ ఉన్నాయో చూడమన్నాను. కాసేపు చూశాడు. తర్వాత తనే వేలు పెట్టి చూపించాడు. పోయిన మూడింటిలో రెండు సబ్జెక్టుల క్లాసులు దాదాపు అన్నీ మొదటి పీరియడ్‌లోనే. అతను ఎక్కే పాసింజరు బండి స్టేషన్‌కి చేరి, అక్కడి నుంచి బస్సు పట్టుకుని కాలేజీకి వచ్చేసరికి ఆ పీరియడ్ అయిపోయేది. ఏడాదిన్నరగా ఆ రెండు సబ్జెక్టుల క్లాసులు సగం కూడా వినలేదు. ఆ సంగతి అతనికి తెలియక కాదు, బండి ఆలస్యమని రోజూ తెలుసు. దానికీ మెమోలో వచ్చిన ఎఫ్ (ఫెయిల్) గ్రేడుకీ సంబంధం ఉందని మాత్రం ఆ కాగితాలు పక్కపక్కన పెట్టేదాకా తట్టలేదు. మూడో సబ్జెక్టులో 75కి 28 వచ్చాయి. పాసవడానికి 30 కావాలి. రెండు మార్కులు తక్కువైన పేపరుని చూసి బుర్ర లేదని తేల్చేసుకున్నాడు.

అప్లికేషన్ మీద నేను సంతకం పెట్టలేదు. మొదటి పీరియడ్ తీసుకునే ఇద్దరు లెక్చరర్లతో మాట్లాడాం. నోట్సు ఎవరి దగ్గర తీసుకోవాలో చూసుకున్నాం. పరీక్షల నెలలో కంచరపాలెంలో ఇద్దరు స్నేహితుల గదిలో ఉన్నాడు. రెండు సబ్జెక్టులు మొదటిసారికే పాసయ్యాడు. మూడోది ఇంకో ఏడాది పట్టింది.

నువ్వూ అలాగే రోజూ కొత్తవలస నుంచి వస్తున్నావు. నీ సంగతి కూడా ఇదేనని నేననడం లేదు. నీ ఇబ్బంది ఎక్కడుందో నువ్వు కూడా ఇంకా చూసుకోలేదని మాత్రం అంటున్నాను.

ఈ ఆదివారం ఒక గంట కూర్చో. ఒక తెల్ల కాగితం అడ్డంగా పెట్టుకుని ఇప్పటిదాకా రాసిన ప్రతి సబ్జెక్టు పేరూ వరసగా రాయి. పాసైనవి కూడా రాయాలి. ప్రతి దాని పక్కన ఎన్ని క్రెడిట్లు (కోర్సులో ఆ సబ్జెక్టుకి ఉన్న బరువు), ఇంటర్నల్‌లో ఎన్ని మార్కులు, ఎక్స్‌టర్నల్‌లో (సెమ్ చివరి పరీక్షలో) ఎన్ని, వచ్చిన గ్రేడు, ఆ సబ్జెక్టులో నీ హాజరు, క్లాసు ఏ పీరియడ్‌లో ఉండేది. చివర్లో ఒక గడి ఖాళీగా ఉంచి, ఆ పేపరు రాసిన రోజు నీకు గుర్తున్నది ఏదైనా రాయి. జ్వరం వచ్చిందా, ముందు రోజు ఇంట్లో పెళ్ళి ఉందా, ప్రశ్నపత్రం చూసి చేతులు ఆడలేదా, టైము చాలలేదా. ఈ చివరి గడిలో నుంచి నాకు దొరికినన్ని కారణాలు ఇంకే గడిలోనూ దొరకలేదు. "టైము చాలలేదు" అని మూడు చోట్ల రాసిన పిల్లకి చదువు వచ్చు, రాత వేగం లేదు. దానికి మందు వేరు.

ఇంటర్నల్స్ బాగుండి ఎక్స్‌టర్నల్ పోతే ఒక కథ. ఇంటర్నల్సే అయిదారు మార్కులుంటే ఇంకో కథ. ఈ రెండో రకానికి చాలాసార్లు కారణం మిడ్ పరీక్షకు రాకపోవడం, అసైన్‌మెంట్ ఇవ్వకపోవడం. సప్లీ (పోయిన పేపరు మళ్ళీ రాసే పరీక్ష) రాసినా ఇంటర్నల్ మార్కులు పాతవే కలుస్తాయి కాబట్టి అవి తక్కువైతే బయటి పేపరులో ఆ భారం మళ్ళీ మళ్ళీ మోయాలి. ఇప్పుడు నడుస్తున్న సెమ్‌లో నీ చేతిలో ఉన్నది ముందు అదే. మిగతాదంతా తర్వాత.

హాజరు సంగతి కూడా లెక్క వేసుకో. సెమ్‌కి 90 పనిదినాలు అనుకుంటే 75 శాతం అంటే 68 రోజులు రావాలి. నీకు మిగిలేవి 22. బండి ఆలస్యమై ఉదయం పూట ఆబ్సెంట్ పడితే అది కూడా ఇందులోంచే పోతుంది. సెమ్ సగంలోనే ఆఫీసుకి వెళ్ళి నీ శాతం ఎంతుందో అడుగు. పరీక్షలకు పది రోజుల ముందు కండోనేషన్ జాబితాలో (హాజరు చాలనివాళ్ళ జాబితాలో) పేరు చూసుకుని ఏడ్చిన పిల్లల్ని ప్రతి ఏడాదీ చూస్తున్నాను. అప్పటికి ఎవరూ చేయగలిగింది పెద్దగా ఉండదు.

ఇప్పుడు క్రెడిట్ల లెక్క. మీ కోర్సులో మార్కుల కంటే ఇది ముఖ్యం, అయినా పిల్లలు దీన్ని పట్టించుకోరు. పది పాయింట్ల పద్ధతిలో ఓ గ్రేడుకు 10, ఏ ప్లస్‌కు 9, ఏకు 8, బీ ప్లస్‌కు 7, బీకు 6, సీకు 5, పీకు 4, ఎఫ్‌కు సున్నా. ప్రతి సబ్జెక్టు పాయింట్లనీ దాని క్రెడిట్లతో గుణించి, అన్నీ కలిపి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే ఎస్‌జీపీఏ, అంటే ఆ సెమ్ సగటు. ఒక సెమ్‌లో ఐదు పేపర్లు, ఒక్కోటి 4 క్రెడిట్లు అనుకుందాం. వచ్చినవి ఏ, బీ ప్లస్, బీ, సీ, ఎఫ్. అంటే 32, 28, 24, 20, సున్నా. మొత్తం 104. దాన్ని 20తో భాగిస్తే 5.2. ఆ ఎఫ్ ఒక్కటి కేవలం పాస్ అయి పీ వచ్చినా మొత్తం 120 అవుతుంది, ఎస్‌జీపీఏ 6.0. బాగా రాసి బీ ప్లస్ తెచ్చుకుంటే 6.6. ఒక్క పేపరు. ఏ వచ్చిన సబ్జెక్టుని ఏ ప్లస్ చేయడానికి పడే తంటాతో వచ్చేది 0.2 మాత్రమే.

అందుకే చెబుతున్నా, నీకిప్పుడు వచ్చిన సబ్జెక్టులకు మెరుగులు దిద్దుకోవడం మీద ధ్యాస వద్దు. నచ్చిన సబ్జెక్టే మళ్ళీ మళ్ళీ చదువుకోవాలనిపిస్తుంది, ఎందుకంటే అది చదువుతుంటే మనసుకి హాయిగా ఉంటుంది. ఆ హాయి కోసమే బ్యాక్‌లాగ్ పుస్తకం తెరవకుండా సెమ్‌లు గడిపేస్తారు పిల్లలు.

మూడూ ఒకేసారి రాసేయాలని కూడా అనుకోకు. చాలా కాలేజీల్లో 1, 3, 5 సెమ్‌ల సప్లీలు ఒక దఫా, 2, 4, 6 సెమ్‌లవి ఇంకో దఫా వస్తాయి. నీవి ఏ సెమ్‌లోవో తెలిస్తే ఎప్పుడు ఏది రాయాలో దానంతటదే తేలుతుంది. మీది యూనివర్సిటీ పరీక్షలు రాసే అఫిలియేటెడ్ కాలేజీ అయితే ఫీజు తేదీలు ఆంధ్రా యూనివర్సిటీ నోటిఫికేషన్‌లో వస్తాయి. అటానమస్ అయితే మీ కాలేజీ ఎగ్జామ్ బ్రాంచే పరీక్ష పెడుతుంది, అక్కడే అడగాలి. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన తేదీని నమ్మి ఫీజు కట్టకుండా ఉండిపోవద్దు. రెండు మూడు మార్కుల్లో పోయినవి ఏవైనా ఉంటే రీవాల్యుయేషన్ గడువు ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే ముగిసిపోతుంది. పాతవాటికి అది దాటిపోయి ఉంటుంది, ఈసారి ఫలితాలకైనా గుర్తుపెట్టుకో.

మూడింటిలో ముందు ఏది? నా అలవాటు ఇది: ఎక్కువ క్రెడిట్లున్నది, తర్వాతి సెమ్‌లో దాని మీద ఆధారపడే సబ్జెక్టు ఉన్నది ముందు. ఫిజికల్ కెమిస్ట్రీ మొదటి పేపరు వదిలేసి రెండోది చదవడం చాలా కష్టం. విడిగా నిలబడే సబ్జెక్టు ఉంటే అది చివరికి.

మైనర్ దగ్గరికి వద్దాం. ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. సింగిల్ మేజర్ (ఒకటే ప్రధాన సబ్జెక్టు, తోడుగా ఒక మైనర్) రాకముందు, మూడు సబ్జెక్టుల గ్రూపులు ఉన్న రోజుల్లో ఒక అమ్మాయి అడ్మిషన్ల వేళ నా దగ్గరికి వచ్చి ఫిజిక్స్ ఉన్న గ్రూపు తీసుకోనా, స్టాటిస్టిక్స్ ఉన్నది తీసుకోనా అంది. చురుకైన పిల్ల. నా క్లాసులో ఉంటే బాగుంటుందనిపించింది. స్టాటిస్టిక్స్ తీసుకో, ఉద్యోగాలు బాగుంటాయి అన్నాను. డిగ్రీ అయ్యాక ఏం చేయాలనుకుంటున్నావని అడగలేదు. మూడేళ్ళ తర్వాత ఎమ్మెస్సీ ఫిజిక్స్ నోటిఫికేషన్ పట్టుకుని వచ్చింది. "మేడమ్, అర్హతలో ఫిజిక్స్ ఉండాలంట, నాకు లేదు" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ కాగితం పట్టుకుని నా బల్ల పక్కన నిలబడి ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఎవరొచ్చి ఏ సబ్జెక్టు తీసుకోవాలని అడిగినా ముందు ఆ తర్వాత ఏమిటనే అడుగుతున్నాను. నీకు సలహా ఇచ్చే లెక్చరర్ తన సబ్జెక్టు వైపే లాగుతుంటే, ఎంత మంచివారైనా సరే, ఇంకొకరిని కూడా అడుగు.

కాబట్టి, మ్యాథ్స్ మైనర్ మార్చుకోవాలా అన్నది భయాన్ని బట్టి తేల్చొద్దు. మన రాష్ట్రంలో 2023-24 నుంచి వచ్చిన సింగిల్ మేజర్ పద్ధతిలో ఈపాటికి నీకు మైనర్‌లో కొన్ని పేపర్లు అయిపోయి ఉంటాయి. ఇప్పుడు మారాలంటే కాలేజీ ఒప్పుకున్నా కొత్త మైనర్‌లో అవన్నీ మళ్ళీ రాయాలి. మూడు బ్యాక్‌లాగ్‌లున్న నీకు ఇంకో మూడు నెత్తిన పెట్టుకున్నట్టు అవుతుంది. ఇంకోటి, కెమిస్ట్రీ పిల్లకి మ్యాథ్స్ పరాయిది కాదమ్మా. ఫిజికల్ కెమిస్ట్రీలో ఫస్ట్ ఆర్డర్ రియాక్షన్ రేటు సమీకరణాన్ని ఇంటిగ్రేట్ చేసి లాగరిథమ్ తెస్తావే, అది డిఫరెన్షియల్ ఈక్వేషనే. ఆ లెక్క నీకు వచ్చా? వస్తే మైనర్‌లో మొదటి యూనిట్ నీకు సగం వచ్చినట్టే. మ్యాథ్స్ మేడమ్ దగ్గరికి ఈ ఒక్క లెక్క పట్టుకుని వెళ్ళి, "దీని వరకు వచ్చాను మేడమ్, ఇక్కడి నుంచి ఏం చదవాలి?" అని అడుగు. "నాకు మ్యాథ్స్ రాదు" అని వెళితే ఎవరైనా "ప్రాక్టీస్ చెయ్యి" అనే అంటారు. అంతకంటే ఏం చెప్పగలరు?

టీచరు అవ్వాలన్న ఆలోచన నీకు ఏ మూలో ఉంటే అది కూడా ఇప్పుడే చెప్పు. బీఈడీలో మెథడాలజీకి (ఏ సబ్జెక్టు బోధించడం నేర్చుకుంటావన్నదానికి) డిగ్రీలో ఏ సబ్జెక్టులు చదివావన్నది చూస్తారు. మైనర్ మార్చుకునేటప్పుడు దీన్ని మర్చిపోయి తర్వాత బాధపడేవాళ్ళున్నారు.

మీ నాన్నగారి మాట. ఆయన తప్పు మాట్లాడలేదు. ఇంటికి నెలకు ఇంత డబ్బు రావాలన్న ఆరాటం ఆయనది, దాన్ని చిన్నచూపు చూడకు. పరవాడ ఫార్మా సిటీలో కెమిస్ట్రీ చదివినవాళ్ళకు పని ఉన్నమాట నిజం. కానీ ఇంటర్ సర్టిఫికెట్‌తో లోపలికి వెళ్తే చేయించే పని వేరు, బీఎస్సీ కెమిస్ట్రీతో ట్రైనీగా వెళ్తే చేసే పని వేరు. క్యూసీ (నాణ్యత పరీక్షించే) ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష యంత్రం మీద శాంపిల్ పెట్టి, గ్రాఫ్ చదివి, రిజిస్టర్‌లో సంతకం పెట్టేది డిగ్రీ ఉన్నవాళ్ళు. నువ్వు ఏడాదిన్నర ఓపిక పడితే వెళ్ళగలిగే చోటికి ఇప్పుడు ఇంకో తలుపు నుంచి వెళ్తానంటున్నావు. షిఫ్టుల సంగతి కూడా ఇంట్లో మాట్లాడాలి. కొత్తవలస ఒక కొస, పరవాడ ఇంకో కొస. రాత్రి షిఫ్టు వస్తే అక్కడే ఉండాల్సి వస్తుంది. అది మీ నాన్నగారు ఆలోచించారా?

అదృష్టం ఏమిటంటే దీన్ని మానేయకుండానే పరీక్షించి చూసుకోవచ్చు. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ చేసి ఉంటావు. రాబోయే వేసవిలో చేయాల్సిన ఇంటర్న్‌షిప్‌ని ఏదో ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో సరిపెట్టేయకుండా పరవాడలోనో ఇంకోచోటో నిజమైన ల్యాబ్‌లో చేయడానికి ప్రయత్నించు. మీ కాలేజీ ప్లేస్‌మెంట్ ఇన్‌చార్జిని ఇప్పుడే అడుగు, వేసవి దాకా ఆగితే చోట్లు ఉండవు. రెండు నెలలు ఆ గేటు లోపలికి వెళ్ళి వస్తే ఆ పని నీకు పడుతుందో లేదో మీ నాన్నగారికీ తెలుస్తుంది, నీకూ తెలుస్తుంది.

ఆయన్ని ఒకసారి కాలేజీకి తీసుకురా. ఇది నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను, సగం మంది వినరు. "మా నాన్న చదువుకోలేదు మేడమ్, ఆయనకి ఇవి అర్థం కావు" అంటారు. ఇరవై ఏళ్ళు ఇల్లు నడిపిన మనిషికి ఒక పేజీ లెక్క అర్థం కాదా? ఏ సెమ్‌లో ఏం రాస్తావో, ఎప్పటికి పూర్తవుతుందో, ఎంత ఖర్చో కాగితం మీద చూపించు. "నేను చదువుతాను నాన్నా" అన్న మాట ఆయన ఇదివరకే చాలాసార్లు విన్నారు. కాగితం చూడలేదు.

మావయ్యగారి బీటెక్. మళ్ళీ మొదటి నుంచి అంటే ప్రవేశ పరీక్షకు ఒక ఏడాది, ఆ తర్వాత నాలుగేళ్ళు. మ్యాథ్స్ మైనర్‌కే భయపడుతున్న పిల్ల ఇంజనీరింగ్ మొదటి ఏడాది మ్యాథ్స్‌లోకి నడిచి వెళ్తానంటోంది, అది గమనించావా? ఇక్కడ కోర్సు మార్చితే ఇబ్బంది తీరదు, నీతోపాటు అక్కడికీ వస్తుంది. నిజంగా ఇంజనీరింగ్ మీద మనసుంటే డిప్లొమా వాళ్ళతో పాటు మ్యాథ్స్ చదివిన బీఎస్సీ వాళ్ళు కూడా ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. నీ సబ్జెక్టులు సరిపోతాయా అన్నది నువ్వు రాసే ఏడాది నోటిఫికేషన్‌లో అర్హతల పేజీ చదివి తేల్చుకోవాలి. కంప్యూటర్ల వైపు మనసుంటే ఐసెట్ రాసి ఎంసీఏ. ఇవన్నీ డిగ్రీ పూర్తయ్యాక ఉండే దారులు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రెండో కోర్సుకి కూడా వస్తుందని ఊహించుకుని లెక్క వేయొద్దు. కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్ సెక్షన్ చూసేవారిని అడిగాకే మాట్లాడండి.

ఇన్ని చెప్పినా ఇంటి పరిస్థితి వల్ల ఆపాల్సి వస్తే, అప్పుడు ఎప్పుడు ఆపుతావన్నది ముఖ్యం. ఇది చాలామందికి తెలియదు. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2022 డిసెంబరులో ఇచ్చిన విధానం ప్రకారం మొదటి ఏడాది 40 క్రెడిట్లతో సర్టిఫికెట్, రెండేళ్ళకు 80 క్రెడిట్లతో డిప్లొమా, మూడేళ్ళకు 120తో డిగ్రీ, నాలుగేళ్ళకు 160తో ఆనర్స్. ఏడాదికో రెండేళ్ళకో ఆపితే వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు గానీ ఇంటర్న్‌షిప్ గానీ అదనంగా చేసి ఉండాలి. మూడేళ్ళలోపు తిరిగి చేరి, మొత్తం ఏడేళ్ళలో పూర్తి చేసుకోవచ్చు. నాలుగో సెమ్ మధ్యలో వెళ్ళిపోతే నీ చేతికి ఆ కాగితం రాదు. ఈ సెమ్ రాసి, బ్యాక్‌లాగ్‌లు తీర్చుకుని ఆగితే రెండేళ్ళ చదువుకి ఒక విలువ మిగులుతుంది. క్రెడిట్ వచ్చేది పాసైతేనే, ఎఫ్ ఉన్న పేపరుకి క్లాసులన్నీ విన్నా క్రెడిట్ సున్నానే. డిజిలాకర్‌లో నీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (నీ క్రెడిట్లు జమయ్యే ఖాతా) ఐడీ తెరిచి, అందులో ఏ సెమ్ క్రెడిట్లు పడ్డాయో చూసుకో. పేరు స్పెల్లింగ్ ఆధార్‌లో ఒకలా, మెమోలో ఒకలా ఉండి క్రెడిట్లు ఎక్కని పిల్లలున్నారు. అది ఇప్పుడైతే చిన్న పని.

నాలుగో ఏడాది చదవాలా, మూడేళ్ళకు బయటికి రావాలా అన్నది ఇప్పుడు నీకు అక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం తెలిసి ఉండు. పరిశోధనతో కూడిన ఆనర్స్‌కి మొదటి ఆరు సెమ్‌లలో 75 శాతం అడుగుతారు. మూడేళ్ళకు డిగ్రీ తీసుకుని ఎమ్మెస్సీ రెండేళ్ళు చదవడం కూడా మామూలు దారే. దానికి ప్రవేశ పరీక్షలు ఇవి: ఇక్కడి యూనివర్సిటీలకైతే పీజీసెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటివాటికి సీయూఈటీ పీజీ, ఐఐటీలకు జామ్. ఐదో సెమ్ అయ్యాక వీటి గురించి మాట్లాడుకుందాం.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాలనుకున్నది. మీ కాలేజీలో నీకు ఒక మెంటర్ ఉన్నారు. ఉండే ఉంటారు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ళు వచ్చినప్పుడు మెంటర్ రిజిస్టర్ చూస్తారు కాబట్టి ప్రతి కాలేజీలోనూ పిల్లల్ని పంచి ఇస్తారు. చాలా చోట్ల అది సెమ్‌కి ఒకసారి వరసలో నిలబడి సంతకం పెట్టే పనిగా మారిపోయింది. దానికి మేమే బాధ్యులం, పిల్లలు కాదు. ఒక్కో లెక్చరర్‌కి పాతిక ముప్పై మందిని ఇచ్చి, రోజుకి నాలుగు క్లాసులు, ఆపైన పరీక్షల డ్యూటీలు వేస్తే తీరిగ్గా కూర్చుని మాట్లాడేది ఎప్పుడు? అయినా సరే, నువ్వు వెళ్ళాలి. వెళ్ళే పద్ధతి చెబుతాను.

రెండు క్లాసుల మధ్య స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గర ఆపొద్దు. ముందు రోజు వెళ్ళి, "సార్, నాకు మూడు బ్యాక్‌లాగ్‌లున్నాయి. ఒక కాగితం రాసుకున్నాను. మీరు దాన్ని చూసి చెప్పాలి. పది నిమిషాలు చాలు, ఎప్పుడు రమ్మంటారు?" అని అడుగు. ల్యాబ్‌లు అయిపోయే సాయంత్రం వేళ మంచిది. నలుగురిలో చెప్పుకోలేనిది ఉంటే "విడిగా మాట్లాడాలి సార్" అని ముందే అను, అడగడంలో తప్పేమీ లేదు. ఆదివారం రాసిన కాగితం, మెమోల జిరాక్సులు, టైమ్ టేబుల్ తీసుకెళ్ళు. "ఏం చేయమంటారు?" అని మొదలుపెట్టకు. "ఈ రెండూ ఈ దఫాలో రాసి, ఇది వచ్చే దఫాకి వదులుదామనుకుంటున్నాను, సరైనదేనా?" అని అడుగు. నువ్వొక దారి చూపిస్తే ఆయన దాన్ని సరిచేస్తారు. వచ్చే ముందు మళ్ళీ ఎప్పుడు కలవాలో తేదీ అడిగి రాసుకో. మొదటిసారి సరిగా పట్టించుకోకపోతే కెమిస్ట్రీ హెడ్ దగ్గరికి వెళ్ళు, ఆ తర్వాత ప్రిన్సిపాల్ దగ్గరికి. ఎక్కడో ఒకచోట ఒక మనిషి నీ కాగితాన్ని పూర్తిగా చదువుతారు. మా వృత్తిలో అలాంటివాళ్ళు మీరనుకునేదానికంటే ఎక్కువమందే ఉన్నారు.

చదువుకునే చోటు కూడా ఒక సమస్యే. ఇంటికి చేరేసరికి చీకటి, ఆ తర్వాత ఇంటి పని. సాయంత్రం బండికి టైముంటే ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో కూర్చోవచ్చు. మా పిల్లలు చాలామంది అక్కడే చదువుకున్నారు. రోజుకి గంటన్నర చాలు, వారానికి నాలుగు రోజులు. అందులో మూడు రోజులు బ్యాక్‌లాగ్‌కి, ఒకటి మ్యాథ్స్‌కి. సెమ్ సబ్జెక్టులు బండిలో. కూర్చోవడానికి సీటు దొరికితే కెమిస్ట్రీ ఈక్వేషన్లు పెండుర్తి వచ్చేలోపు రెండు పేజీలు అవుతాయని నా పాత స్టూడెంట్ ఒకమ్మాయి చెప్పేది.

నిద్ర పట్టడం లేదన్న మాట దాటేయలేను. ఎన్ని రోజులుగా? అన్నం సరిగా తింటున్నావా? అది ఇంకా కొనసాగుతుంటే, లేదా బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, సబ్జెక్టుల సంగతి పక్కన పెట్టి ముందు 14416కి ఫోన్ చెయ్యి. అది టెలి మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత లైను, తెలుగులో మాట్లాడతారు. అమ్మకి కూడా చెప్పు. మూడు సబ్జెక్టుల టెన్షన్ నువ్వొక్కదానివే మోయనక్కర్లేదు.

ఆదివారం కాగితం రాశాక ఇక్కడికి మళ్ళీ రాయి. సబ్జెక్టు పేర్లు, ఏ సెమ్, ఇంటర్నల్ ఎంత, ఎక్స్‌టర్నల్ ఎంత, ఏ పీరియడ్. ఫోటో తీసి పెట్టేటట్టయితే పేరూ హాల్ టికెట్ నంబరూ కనబడకుండా పైన ఇంకో కాగితం అడ్డం పెట్టి తియ్యి. చివరి గడి మాత్రం ఖాళీగా వదలకు.